కాగిన పాట, పచ్చి పాట

ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, కళ్ళకు గంతలు కట్టుకుని కుర్చీలో కూర్చున్న యాంప్లిఫయర్ మెకానిక్, "ఇది కాగింది" అని చెప్పాడు. అది ఆ రోజు అతను విన్న ఎనిమిదో పాట. అంతకుముందు ఏడుసార్లు చెప్పింది సరిపోయింది. ఎనిమిదోసారీ సరిపోయింది.

గదికి అడ్డంగా కట్టిన తెర కింద నుంచి ఒక గుండీ దొర్లుకుంటూ వచ్చింది. తెల్లదైతే కాగినట్టు, నల్లదైతే పచ్చి. మెకానిక్ బావమరిది వంగి దాన్ని తీసుకుని చూశాడు. తెల్లగా ఉంది. తిప్పి చూశాడు. రెండో వైపూ తెల్లగానే ఉంది.

"ఏ రంగురా?" గంతలు తియ్యకుండానే మెకానిక్ అడిగాడు.

"తెలుపే."

"గట్టిగా చెప్పరా, డాక్టరు గారికి వినపడాలి."

"ఆయన నా పక్కనే ఉన్నాడు బావా."

"అయినా చెప్పు."

"తెలుపు!" అని బావమరిది అరిచాడు. మెకానిక్ గంతలతోనే లేచి నిలబడి, చేతులు పైకెత్తి, ఒక అడుగు ముందుకేసి గోడకు గుద్దుకున్నాడు. పాట ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

కాగడం అనే మాట ఆ ఇంటిది. నీళ్ళు కాగుతాయి, నూనె కాగుతుంది. యాంప్లిఫయర్ కాగుతుందని మెకానిక్ తప్ప ఎవరూ అనరు. అతని లెక్కలో, ఆన్ చేసిన వెంటనే యాంప్లిఫయర్ నుంచి వచ్చేది పచ్చి పాట. అరగంట ఆగితే లోపలి భాగాలు వేడెక్కి కుదురుకుంటాయి. అప్పుడు పాటకు అడుగున ఒక నిండుదనం వస్తుంది. అది కాగిన పాట. రిపేరు చేసిన పెట్టెను చేతికిస్తూ, "ఇంటికెళ్ళి ఆన్ చెయ్యండి, అరగంట దాని మొహం చూడకండి" అని చెప్పి పంపుతాడు. ఆ మాట ఇంట్లో మనుషులకూ అంటుకుంది. పొద్దున్నే లేవగానే పని చెబితే, "ఇంకా పచ్చిగా ఉన్నానే, కాగనివ్వు" అంటాడు మెకానిక్. బావమరిది జోకుకు ఎవరూ నవ్వకపోతే, అది పచ్చి జోకని అతని అక్క తేల్చేస్తుంది.

అక్క అంటే మెకానిక్ భార్య. ఆమె టైలరు. ఇంటికి ముందు ఒక గది, వెనక ఒక నడవ ఉన్నాయి. ముందు గదికి వెడల్పాటి కిటికీ ఉంది. ఆ గదిలో ఒక చెక్క బల్ల, దాని మీద మెకానిక్ సొంతంగా తయారు చేసుకున్న యాంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, మూలల్లో రెండు స్పీకర్లు, ఎదురుగా ఒక కుర్చీ. టైలరమ్మ కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల నడవలో ఉన్నాయి. నడవకు కిటికీ లేదు. ఒక బల్బు ఉంది. ఆ వెలుతురులో ఆమె పోయిన నెల ఒక జాకెట్టుకు రెండూ కుడి చేతులే కుట్టింది.

సోమవారం నుంచి కత్తిరింపు క్లాసు మొదలుపెట్టాలని ఆమె అనుకుంది. ఏడుగురు అమ్మాయిలు వస్తామన్నారు. కత్తిరింపుకు పెద్ద బల్ల కావాలి. నడవలో బల్ల వేస్తే మనుషులు పట్టరు, మనుషులుంటే బల్ల పట్టదు. శుక్రవారం సాయంత్రం భర్తను అడిగింది.

"ఏమండీ, ఈ పెట్టెల్ని నడవలోకి జరపండి. అమ్మాయిలకి ముందు గది కావాలి."

"జరపడానికి ఇవేమన్నా పూలకుండీలా? ఈ చోటికి అలవాటు పడిపోయాయే. ఈ బల్ల, ఈ గోడ, ఈ గాలి. నడవలోకి తీసుకెళ్తే కాగవు."

"కాగకపోతే స్టవ్వు మీద పెట్టండి."

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వులాటా? రెండు కుడి చేతుల జాకెట్టు తొడుక్కుని చూడండి, అప్పుడు తెలుస్తుంది."

ఆ సమయానికి ఆమె తమ్ముడు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. అతను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. కొట్లలో కాటాలు సరిగా ఉన్నాయో లేవో చూసి ముద్ర వెయ్యడం అతని ఉద్యోగం. వీధిలో అందరూ అతన్ని తూకం అంటారు. పుట్టినరోజుకు బహుమతి తీసుకెళ్తే దాని బరువు చెప్పి మరీ ఇస్తాడు.

"అక్కా, గది సంగతి తర్వాత. ముందు అది కాగుతోందో లేదో తేలాలి కదా," అన్నాడు తూకం.

"తేలడానికేముందిరా? చెవులుంటే వినపడుతుంది," అన్నాడు మెకానిక్.

"నాకూ రెండున్నాయి బావా. నాకేం వినపడలేదు."

"నీవి పచ్చి చెవులు."

"సరే, నీవి కాగిన చెవులే. కళ్ళు మూసుకుని చెప్పు. ఏది వేడి పెట్టె, ఏది చల్లటి పెట్టె. ఎనిమిదికి ఎనిమిదీ చెప్పావా, గది నీదే. ఒక్కటి తప్పినా గది అక్కది."

"చెప్తే గది ఎలాగూ నాదేగా. నువ్వేం పోగొట్టుకుంటావు?"

తూకం ఆలోచించాడు. "నెల రోజులు సాయంత్రం పూట నీ కొట్లో నిలబడి, వచ్చినవాళ్ళకి 'పాట కాగాలండీ' అని నా నోటితో చెప్తా."

"యూనిఫారంలోనా?"

"యూనిఫారంలోనే."

మెకానిక్ మొహం వెలిగింది. టైలరమ్మ కత్తెర కింద పెట్టింది.

"నా గది మీద మీరిద్దరూ పందెం కాస్తారేంట్రా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!"

"నీ గది ఎలా అయిందే?" అన్నాడు మెకానిక్.

"అవుతుంది. ఆదివారం."

పందేనికి ఆమె ఒప్పుకున్నట్టు ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

మెకానిక్ దగ్గర అచ్చు అలాంటిదే ఇంకో యాంప్లిఫయరు ఉంది. రెండూ ఒకేసారి, ఒకే సామానుతో చేశాడు. ఒక్కోటీ రెండు చేతులతో ఎత్తగలిగే బరువే. ఆదివారం పొద్దున ఒకదాన్ని నడవలో ఇస్త్రీ బల్ల మీద పెట్టి ఆన్ చేసి వదిలేశారు. రెండోదాన్ని ఫ్యాను కింద చల్లగా ఉంచారు.

న్యాయం చెప్పడానికి పై అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరును పిలిచారు. మెకానిక్ పెట్టే పాటలన్నీ నేల గుండా ఆయనకు ఎలాగూ వినపడతాయి. పైగా కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకూ "నొప్పి ఉండదు" అని చెప్పే మనిషి కాబట్టి, ఆయన మాటను మెకానిక్, తూకం ఇద్దరూ సమానంగా నమ్మరు. అందుకే ఇద్దరికీ సమ్మతమయ్యాడు.

షరతులు తూకం పెట్టాడు. రెండు పెట్టెలూ పక్కపక్కన ఉండకూడదు. ఏది మోగాలంటే అది వచ్చి బల్ల మీద అదే చోట కూర్చోవాలి, లేకపోతే చోటు మారిందని బావ సాకు చెబుతాడు. ఏ పెట్టె పెట్టారో తెలిసిన మనిషి, వినే మనిషి దగ్గర ఉండకూడదు. అందుకని గదికి అడ్డంగా తాడు కట్టి, టైలరమ్మ కుడుతున్న కర్టెన్లు రెండు దానికి వేలాడదీశారు. తెరకు ఇవతల మెకానిక్, తూకం, డాక్టరు. అవతల బల్ల, నడవలోకి తలుపు. టైలరమ్మ నడవలో కళ్ళు మూసుకుని గుండీల డబ్బాలోంచి ఒక గుండీ తీస్తుంది. రంగును బట్టి పెట్టె తెచ్చి, తీగలు తగిలించి, రికార్డు మీద ముల్లు పెట్టి, నడవలోకి వెళ్ళిపోతుంది. జవాబు వినపడ్డాక ఆ గుండీని తెర కిందికి దొర్లిస్తుంది. వరుసగా రెండుసార్లు ఒకే రంగు వచ్చినా పెట్టెను ఎత్తి దించాల్సిందే, లేకపోతే చప్పుడును బట్టి తెలిసిపోతుంది.

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దించి మంచం మీద దుప్పట్లో చుట్టారు. ఫోన్లు ఆపారు. గుమ్మంలో ఆడుకుంటున్న పక్కింటి పిల్లల్ని బంతితో సహా సాగనంపారు.

"బయటివాళ్ళెవరూ లోపల ఉండకూడదు," అన్నాడు తూకం చివరగా.

ఆ ఇంట్లో ఒక పిల్లి ఉంది. ఎప్పుడు చూసినా కుర్చీలో ఉంటుందని దానికి ఛైర్మన్ అని పేరు పెట్టారు. ఆ ఉదయం కుర్చీలోంచి దాన్ని లేపింది తూకమే. లేపి నేల మీద పెట్టి, అక్కడ మెకానిక్‌ను కూర్చోబెట్టి, లైనింగు గుడ్డతో అతని కళ్ళకు గంతలు కట్టాడు. ఛైర్మన్ నడవలోకి వెళ్ళిపోయింది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అది బయటిది కాదు.

మొదటి పాటకు మెకానిక్ పది క్షణాలు కూడా తీసుకోలేదు. "పచ్చి." నల్ల గుండీ వచ్చింది.

"గుడ్డిదెబ్బ," అన్నాడు తూకం.

రెండో పాట. అదే రికార్డు, ఒక గొంతు, ఒక వయొలిన్. మెకానిక్ తల వాల్చి విన్నాడు. కాసేపయ్యాక మొహం మీదికి నవ్వు వచ్చింది. "ఆఁ, వచ్చింది. అడుగున చూడరా, ఎలా నిండిందో. కాగింది." తెల్ల గుండీ.

"మీకేమైనా తెలిసిందా డాక్టరు గారూ?" తూకం గుసగుసగా అడిగాడు.

"కుర్చీ కాళ్ళలో ఏదో తెలిసినట్టుంది," అన్నాడు డాక్టరు. "నా కుర్చీ అలవాటు కావచ్చు."

మూడు, నాలుగు. అయిదో పాటకు తూకం లేచి గంతలు సరిచూశాడు. ఇంకో మడత వేసి బిగించాడు. "ముక్కు కనపడుతోంది, ముక్కును కూడా కట్టరా, వేడి వాసన పట్టేస్తానేమో," అన్నాడు మెకానిక్. తూకం నిజంగానే ముక్కు మీదికి గుడ్డ లాగాడు. ఆరో పాటకు మెకానిక్ జవాబు ముక్కుతో చెప్పినట్టు వచ్చింది, అయినా సరిపోయింది. ఏడో పాటకు తూకం చెమట తుడుచుకున్నాడు. ఎనిమిదోది మొదట చెప్పుకున్నదే.

గోడకు గుద్దుకున్న మెకానిక్ గంతలు పీకి అవతల పారేశాడు. డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపాడు. డాక్టరు వదలకపోతే ఆయన్ను కూడా రెండు చుట్లు తిప్పాడు. తూకం దగ్గరికెళ్ళి మీసం దగ్గర మైకు పట్టుకున్నట్టు పిడికిలి పెట్టాడు.

"ఏదీ, ఒక్కసారి చెప్పు."

"రేపటి నుంచి కదా."

"అలవాటు కావాలిగా. పచ్చిగా ఉన్నావు, కాస్త కాగుతావు. చెప్పు. పాట..."

"పాట కాగాలండీ," అన్నాడు తూకం.

"నవ్వుతూ చెప్పరా, కస్టమరు పారిపోతాడు."

"పాట కాగాలండీ!" తూకం పళ్ళు బయటపెట్టాడు. డాక్టరు ఆ పళ్ళ వంక ఆసక్తిగా చూశాడు.

టైలరమ్మ తెర అంచు పక్కకు జరిపి నిలబడింది. మెడలో టేపు ఉంది. దాన్ని తీసి చుట్టి చేతిలో పట్టుకుంది.

"ఎనిమిదికి ఎనిమిదా?" అని అడిగింది.

"ఎనిమిదికి ఎనిమిది!" అన్నాడు మెకానిక్.

"నేనేమీ మోసం చెయ్యలేదు. గుండీలు కళ్ళు మూసుకునే తీశా."

"తెలుసే."

"సరే మరి. అమ్మాయిలకి రావద్దని చెప్తా." ఆమె నడవలోకి వెళ్ళింది. ఫోను ఆన్ చేసిన చప్పుడు వినపడింది. మెకానిక్ చేతులు దింపాడు. తూకం గుండీలను ఒక్కొక్కటే జేబులో వేసుకున్నాడు.

అప్పుడు పాట అయిపోయింది.

ముల్లు రికార్డు చివరికి వచ్చింది. అక్కడ గీత ఉంటుంది, పాట ఉండదు. ముల్లు అందులోనే తిరుగుతోంది. గొంతు లేదు, వయొలిన్ లేదు. స్పీకర్లలోంచి మాత్రం ఒక శబ్దం వస్తోంది.

గుర్‌ర్‌ర్. ఆగింది. గుర్‌ర్‌ర్.

తూకం డాక్టరు వంక చూశాడు.

"నేను కాదు," అన్నాడు డాక్టరు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని. "పొద్దున తిన్నాను."

"బావా, ఆ పెట్టెలో ఎవరో గుర్రు పెడుతున్నారు."

"నోర్ముయ్‌రా. యాంప్లిఫయరు గుర్రు పెట్టడమేంటి?" అంటూనే మెకానిక్ ఒక స్పీకరు దగ్గరికెళ్ళి చెవి ఆనించాడు. రెండో స్పీకరుకూ ఆనించాడు. అతని మొహంలో రంగు మారింది. "ఇదే," అన్నాడు మెల్లగా. "అడుగున నిండుదనం అన్నానే. ఇదే."

తూకం తెర లాగేశాడు. తాడు తెగి కర్టెన్లు డాక్టరు నెత్తిన పడ్డాయి. బల్ల మీద వేడి యాంప్లిఫయరు, దాని మీద ఛైర్మన్, ముందు కాళ్ళు మడిచి లోపలికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

తూకం పిల్లిని ఎత్తాడు. స్పీకర్లు మూగబోయాయి. దించాడు. పిల్లి ఒకసారి అతని వంక చూసి, తిరిగి కళ్ళు మూసుకుంది. గుర్‌ర్‌ర్. రెండు స్పీకర్లలోంచి సమానంగా వచ్చింది.

"అక్కా!" తూకం కేక నడవ దాటి వీధిలోకి వినపడింది. "ఫోన్ పెట్టెయ్! పెట్టెయ్యక్కా! పిల్లి!"

"పిల్లికేమయింది?" టైలరమ్మ పరిగెత్తుకొచ్చింది. మొదటి అమ్మాయి ఫోన్ ఎత్తలేదు, రెండో అమ్మాయికి ఇంకా చెయ్యలేదు.

"ఏం కాలేదు. అదే పాడుతోంది!"

సంగతి విప్పింది మెకానికే. రికార్డు ప్లేయరుకు కింద నాలుగు రబ్బరు కాళ్ళు ఉండేవి. రబ్బరు పాటను మింగేస్తుందని నమ్మి, కొన్న రోజే వాటిని పీకేశాడు. అప్పటినుంచి అది ఉత్త చెక్క మీద కూర్చుంటోంది. పక్కన యాంప్లిఫయరు కూడా అదే చెక్క మీద ఉంది. వేడి పెట్టె మీద పిల్లి పడుకుంటుంది. పిల్లి గుర్రు పెట్టెలోంచి చెక్కలోకి, చెక్కలోంచి రికార్డులోకి, అక్కడినుంచి ముల్లులోకి దిగుతుంది. ముల్లుకు పాటేదో పిల్లేదో తెలియదు. ఏది దొరికితే అది పంపుతుంది.

"అయితే దాన్ని మళ్ళీ నువ్వే పెద్దది చేసి వింటున్నావన్నమాట," అన్నాడు తూకం. అతనికి అప్పటికే మాట సరిగా రావడం లేదు. నవ్వు అడ్డొస్తోంది.

"నువ్వు చూళ్ళేదటే?" మెకానిక్ భార్యను అడిగాడు.

"చూశా. తెల్ల గుండీ వచ్చినప్పుడల్లా నా కాళ్ళకి అడ్డం పడుతూ వెనకే వచ్చింది. నల్లది వస్తే ఇస్త్రీ బల్ల మీదే ఉండిపోయింది. వెచ్చగా ఉన్నచోటికి పిల్లి పోదా? అందులో చెప్పడానికేముంది?"

డాక్టరు కర్టెన్లోంచి బయటపడ్డాడు. ఇంకోసారి పరీక్ష పెట్టాలన్నది ఆయనే. పైకెళ్ళి, దవడ వాచినవాళ్ళ కోసం పెట్టుకున్న వేడినీళ్ళ సంచి తెచ్చాడు. చల్లటి యాంప్లిఫయరును బల్ల మీద పెట్టారు. దాని మీద సంచి, సంచి మీద ఛైర్మన్. మెకానిక్‌కు మళ్ళీ గంతలు కట్టారు.

పాట మొదలైంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. మెకానిక్ తల వాల్చాడు. నవ్వు వచ్చింది.

"కాగింది," అన్నాడు.

టైలరమ్మ నోట్లో టేపు కుక్కుకుంది. డాక్టరు గోడ వైపు తిరిగాడు. తర్వాత వేడి యాంప్లిఫయరు పెట్టి, పిల్లిని టైలరమ్మ ఒళ్ళో పెట్టుకుని నడవలో కూర్చుంది.

"పచ్చి," అన్నాడు మెకానిక్. "దారుణంగా పచ్చి. ఇప్పుడే ఆన్ చేశారు దీన్ని."

తూకం నేల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు పడుకున్నాడు. ఆ పెట్టె పొద్దున ఆరు నుంచి వేడిగానే ఉందని చెప్పడానికి అతను నాలుగుసార్లు ప్రయత్నించాడు. మెకానిక్ గంతలు పైకెత్తి, ఒక కన్నుతో బావమరిదిని, పెట్టెను, నడవలో భార్య ఒళ్ళో పిల్లిని చూశాడు. ముందు మీసం కదిలింది. తర్వాత భుజాలు. ఆ తర్వాత అతను కూడా కుర్చీలోంచి జారి బావమరిది పక్కన పడ్డాడు. పంపించేసిన పక్కింటి పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని ఎక్కి చూశారు. ఎందుకో తెలియకుండానే వాళ్ళూ నవ్వారు.

"ఈ పిల్లి మనింటికొచ్చి ఎన్నేళ్ళయిందే?" కళ్ళు తుడుచుకుంటూ మెకానిక్ అడిగాడు.

"నాలుగేళ్ళు."

"నేను కాగడం అని మొదలుపెట్టి?"

ఆమె మళ్ళీ టేపు నోట్లో పెట్టుకుంది.

"కాదులే," అన్నాడు మెకానిక్ లేచి కూర్చుని. "కస్టమర్లు కూడా చెప్పారు. అరగంట ఆగితే బాగుందని ఎంతమంది చెప్పలేదు! వాళ్ళిళ్ళలో అందరికీ పిల్లులున్నాయా?"

"అడుగుదాం," అన్నాడు తూకం.

మెకానిక్ ఒక పాత కస్టమరుకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టాడు. ఆయన రైలు టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగి.

"సార్, మీ ఇంట్లో పిల్లి ఉందా?"

"లేదండీ. కుక్కుంది. ఏం, పోయిందా?"

"పెట్టె మీద ఎక్కుతుందా అది?"

"ఎద్దంత కుక్కండీ. అది ఎక్కితే పెట్టె మీ దగ్గరికే వస్తుంది."

మెకానిక్ తూకం వంక గర్వంగా చూశాడు. "సరే సార్. ఆన్ చేశాక అరగంట ఆగి వింటున్నారా? తేడా ఉందా?"

"ఓ, బ్రహ్మాండం. మొదట్లో గోలగా ఉంటుంది. అరగంట తర్వాత హాయిగా ఉంటుంది."

"విన్నావా?" అన్నాడు మెకానిక్.

తూకం ఫోను లాక్కున్నాడు. "ఆ అరగంటలో మీరేం చేస్తారండీ?"

"ఏముంది, డ్యూటీ నుంచి వచ్చి ఆన్ చేస్తా. స్నానం చేస్తా. టీ తాగుతా. కాళ్ళు బారజాపుతా."

"స్నానం చెయ్యకుండా వింటే?"

"అలా ఎప్పుడూ వినలేదండీ," అన్నాడు ఆయన. "మెకానిక్ గారు వద్దన్నారుగా."

ఫోన్ పెట్టేశాక అందరూ డాక్టరు వైపు తిరిగారు. పందెం తేలాలి.

"ఎనిమిదికి ఎనిమిదీ చెప్పాను," అన్నాడు మెకానిక్. "వేడి పెట్టె ఏదో చెప్పమన్నారు, చెప్పాను. ఎలా చెప్పానన్నది షరతుల్లో లేదు."

"పిల్లి ఎక్కడుందో చెప్పావు బావా, పెట్టె సంగతి కాదు," అన్నాడు తూకం. "కాటాలో వేలు పెట్టి తూచినట్టుంది."

"వేలు నాది కాదుగా!"

"ఇటు చూస్తే ఇదీ నిజమే," అన్నాడు డాక్టరు. "అటు చూస్తే..."

"మీరు గోడమీద పిల్లి అయిపోకండి డాక్టరు గారూ," అంది టైలరమ్మ. "మాకు పెట్టె మీద పిల్లి చాలు. ఎవరు గెలిచారో చెప్పండి. రేపు పొద్దున అమ్మాయిలొస్తారు."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మెకానిక్ గారు సొంతంగా చెప్పింది ఒక్కటీ లేదు. చెప్పించింది ఛైర్మన్. కాబట్టి గెలిచింది ఛైర్మన్. గది దానిదే."

"గది పిల్లిదా?" మెకానిక్, తూకం ఒకేసారి అన్నారు.

"నొప్పి ఉండదు," అన్నాడు డాక్టరు అలవాటుగా.

టైలరమ్మ పిల్లిని భుజాన వేసుకుంది. "గది పిల్లిది. బాగుంది. పిల్లి ఎవరిది?"

తూకం బావ వంక చూశాడు.

"వానలో తడుస్తుంటే గుడ్డముక్కల సంచిలో వేసుకుని తెచ్చిందెవరు? వద్దే, పాటకి అడ్డమే అన్నదెవరు?"

మెకానిక్ పిల్లిని చూశాడు. కిటికీని చూశాడు. బల్ల మీద రబ్బరు కాళ్ళు లేని రికార్డు ప్లేయరును చూశాడు.

"నడవలో ఇస్త్రీ బల్ల ఉంటుందిగా?" అని అడిగాడు.

"ఉంటుంది. రోజూ మధ్యాహ్నం ఇస్త్రీ అయ్యాక అది దాని మీదే పడుకుంటుంది."

"పట్టరా తూకం ఆ చివర," అన్నాడు మెకానిక్, చెక్క బల్ల ఒక వైపు ఎత్తుతూ. "మెల్లగా. కుదుపులు తగిలితే పచ్చిబడుతుంది."

సాయంత్రానికి ముందు గది ఖాళీ అయింది. గడియారాన్ని దుప్పట్లోంచి తీసి గోడకు తగిలించారు. కత్తిరింపు బల్లను కిటికీ పక్కన వేశారు. ఆ బల్ల బరువు ఎంతో తూకం చెప్పాడు. ఎవరూ అడగలేదు.

సోమవారం పది గంటలకు ఏడుగురు అమ్మాయిలూ వచ్చారు. "నిన్న ఫోన్ చేశారా అక్కా? చూసుకోలేదు," అంది ఒకమ్మాయి.

"చెయ్యి తగిలింది," అంది టైలరమ్మ. జాకెట్టుకు ఎడమ చెయ్యి, కుడి చెయ్యి తేడా ఎలా గుర్తుపట్టాలన్నది మొదటి పాఠం.

నడవలో మెకానిక్ యాంప్లిఫయరు ఆన్ చేసి, అరగంట ఆగి, రికార్డు పెట్టాడు. కాసేపటికి గుమ్మంలో కనపడ్డాడు.

"ఏమే, ఛైర్మన్ ఎక్కడ?"

కిటికీలోంచి ఎండ కత్తిరింపు బల్ల మీద పడుతోంది. ఎండలో సుద్దతో గీతలు గీసిన గుడ్డ, గుడ్డ మీద పిల్లి ఉన్నాయి. అమ్మాయిలు దాని చుట్టూ కత్తిరిస్తున్నారు.

"ఒక్క అరగంట పంపిస్తావా?"

"క్లాసులో ఉంది."

మెకానిక్ నడవలోకి వెళ్ళిపోయాడు. పాట ఆగింది.

పన్నెండుకు ఎండ కిటికీ దాటి గోడ మీదికి వెళ్ళింది. పిల్లి లేచింది, ఒళ్ళు విరుచుకుంది, బల్ల దిగి నడవలోకి నడిచింది. పన్నెండూ పదికి, పాట కాగిందని మెకానిక్ నడవలోంచి కేక వేసి చెప్పాడు.